లింఫోమా తగ్గాక మిగిలిన నిస్సత్తువ: జమాఖర్చుల పుస్తకంతో నడిచిన ఒక పునరావాస కేసు

క్యాన్సర్ విభాగం నుంచి వచ్చిన రెఫరల్ చీటీలో ఉన్నది ఒకే వాక్యం: వ్యాధి పూర్తిగా తగ్గింది, పెట్ స్కాన్ బాగుంది, అయినా పేషెంట్ నీరసంగా ఉందంటున్నారు. ఈ సమస్యకు వైద్యంలో ఎంత విలువ దక్కుతోందో ఆ ‘అయినా’ అన్న మాటే చెబుతుంది. వ్యాధి ఉన్నంతకాలం నీరసం ఎందుకని ఎవరూ అడగరు; వ్యాధి పోయాక కూడా అది వదలకపోతే మాత్రం పేషెంటే సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది. పునరావాస వైద్యుడిగా నేను చూసే క్యాన్సర్ పేషెంట్లలో చాలామంది ఈ దశలోనే వస్తారు. అందుకే దాదాపు ఏడు నెలలు నడిచిన ఈ కేసును, మధ్యలో నేను చేసిన పొరపాటుతో సహా, వివరంగా రాస్తున్నాను. పేషెంట్‌ను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

నేపథ్యం

పేషెంట్ వయసు 52 ఏళ్ళు, వృత్తి అకౌంటెంట్. ఏడాదిన్నర కిందట మెడ కుడివైపు గడ్డ కనిపించింది. బయాప్సీలో అది డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా (లింఫ్ గ్రంథుల్లో వచ్చే ఒక రకం క్యాన్సర్), రెండో దశ అని తేలింది. ఆర్‌-చాప్ అనే, అయిదు మందులు కలిపి ఇచ్చే పద్ధతిలో 21 రోజులకొకటి చొప్పున 6 సైకిళ్ళ కీమోథెరపీ, ఆ తర్వాత మెడకు 15 విడతల్లో మొత్తం 30 గ్రే (రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్ ఇచ్చారు. నా దగ్గరకు వచ్చేనాటికి అవన్నీ ముగిసి 11 నెలలైంది. మధ్యలో ఒకసారి ఉద్యోగంలో చేరి, మూడు వారాలు తిరక్కుండానే మళ్ళీ సెలవు పెట్టారు.

తన పరిస్థితిని ఆయన చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. “కీమో రోజుల్లో నీరసానికి ఒక లెక్క ఉండేదండీ. మందు ఎక్కించిన ఐదారు రోజులకు పడిపోయేవాణ్ణి, పన్నెండో రోజుకల్లా లేచేవాణ్ణి. ఇప్పుడు ఆ లెక్క తెగడం లేదు. రాత్రంతా పడుకుని లేచినా, మెలకువ వచ్చేసరికే ఒళ్ళు అరిగిపోయినట్టుంటుంది.” పక్కనే కూర్చున్న ఆయన భార్య అందుకుని, ఒక లెక్కల పట్టీని ఆయన మూడుసార్లు చదివి కూడా మొత్తం తప్పు వేశారనీ, ఆ రోజు భోజనం కూడా సరిగా చేయలేదనీ చెప్పారు. తన పనిలో తప్పు దొర్లిందన్న ఆ ఒక్క విషయమే ఆయనను నా దగ్గరకు రప్పించింది. నడవలేకపోవడాన్ని అంతవరకూ సర్దుకుపోతూ వచ్చారు.

మన భాషలో ఆకలికీ, రక్తం తగ్గినా, దిగులుకూ, ఎండలో తిరిగొచ్చినా, అన్నిటికీ నీరసమనే అంటాం. అందువల్ల పేషెంట్ ఆ మాట అనగానే వినేవాళ్ళు తమకు తెలిసిన నీరసాన్నే ఊహించుకుంటారు. క్యాన్సర్‌తోగానీ, దాని చికిత్సతోగానీ వచ్చే నిస్సత్తువ వేరు. అది చేసిన పనికి తగిన పాళ్ళలో ఉండదు, విశ్రాంతితో తీరదు, ఒంటితోపాటు ఆలోచననూ ఉత్సాహాన్నీ కూడా పట్టుకుంటుంది. నేను అలసటకూ దీనికీ తేడా తేల్చుకోవడానికి ఒకే ప్రశ్న అడుగుతాను: పడుకుంటే తగ్గుతుందా? “పడుకుంటే మరో గంట పడుకోవాలనిపిస్తుంది తప్ప తగ్గదు” అన్నది ఈయన జవాబు.

మొదటి అంచనా

గడచిన వారంలో నీరసం ఎంత ఉందో 0 నుంచి 10 వరకు అంకె వేయమంటే 7 వేశారు. 4 గానీ అంతకు మించిగానీ వస్తే కారణాలు వెతకాలన్నది మేము పాటించే పద్ధతి. 7 గానీ అంతకు మించిగానీ ఉంటే తీవ్రమైనదిగా లెక్క. 13 ప్రశ్నలతో ఉండే ఫాసిట్ ఫెటీగ్ ప్రశ్నావళిలో 52కు 19 వచ్చింది. ఇందులో అంకె తగ్గేకొద్దీ నిస్సత్తువ ఎక్కువని అర్థం. ఆరు నిమిషాల నడకలో 372 మీటర్లు నడిచారు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా 30 సెకన్లలో 9 సార్లు మాత్రమే లేవగలిగారు. చివరి రెండుసార్లు తొడలు వణకడం స్పష్టంగా కనిపించింది. చేతి పట్టు 25 కిలోలు. మగవారిలో 27 కన్నా తక్కువ ఉంటే కండబలం తగ్గిందని భావిస్తారు.

ఇలాంటి పేషెంట్ విషయంలో మొదట తేల్చుకోవలసింది వ్యాధి తిరగబెట్టిందా అన్నది. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం లేవు. లింఫ్ గ్రంథులు చేతికి తగలలేదు, ఎల్‌డీహెచ్ (లింఫోమాలో తరచూ పెరిగే రక్త పరీక్ష అంకె) మామూలుగానే ఉంది. క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడి, ఇప్పటికిప్పుడు మళ్ళీ స్కాన్ అవసరం లేదని నిర్ధారించుకున్నాం. రెండోది గుండె. ఆర్‌-చాప్‌లోని డాక్సోరుబిసిన్ చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 6 సార్లు, అంటే మొత్తం చదరపు మీటరుకు 300 మిల్లీగ్రాములు వెళ్ళింది. ఈ మందు గుండె కండరాన్ని దెబ్బతీయగలదు, ఆ దెబ్బ కొన్నిసార్లు నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. గుండె స్కాన్ అయిన ఎకోలో ఇజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ బయటికి పంపే రక్తం పాలు) 58 శాతం వచ్చింది; చికిత్సకు ముందు 62. అంతపాటి తేడా ఎకో తీసే చేతిలోనే వచ్చిపోతుంది కాబట్టి గుండెను పక్కన పెట్టాం. హిమోగ్లోబిన్ 12.6 ఉంది. అది కాస్త తక్కువే అయినా ఇంతటి నిస్సత్తువకు సరిపోయే కారణం కాదు. బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపే పరీక్ష) సరిగానే ఉన్నాయి.

దొరికింది థైరాయిడ్. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) 16, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) ఉండవలసిన కనిష్ఠం కన్నా తక్కువ. మెడకు రేడియేషన్ తీసుకున్నవారిలో థైరాయిడ్ మందగించడం అరుదేమీ కాదు, అయినా ఈ 11 నెలల్లో ఆ పరీక్ష ఎవరూ రాయలేదు. ఆ హార్మోన్ లోటు తీర్చే థైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టే ముందు ఉదయం 8 గంటలకు కార్టిసాల్ (ఎడ్రినల్ గ్రంథి తయారుచేసే హార్మోన్) చూశాను. ప్రతి సైకిల్‌లో 5 రోజులపాటు రోజుకు 100 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ తీసుకున్నవారిలో ఎడ్రినల్ గ్రంథి మందగించి ఉంటే, దాన్ని గమనించకుండా థైరాక్సిన్ ఇవ్వడం ప్రమాదానికి దారితీయవచ్చు. కార్టిసాల్ బాగానే ఉండటంతో రోజుకు 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మొదలైంది.

ఇంకో చిన్న విషయం మందుల సంచి బోర్లిస్తే బయటపడింది. విన్‌క్రిస్టీన్ వల్ల వచ్చిన అరికాళ్ళ తిమ్మిర్లకు కీమో రోజుల్లో రాసిన ప్రెగాబాలిన్ 75 మిల్లీగ్రాముల మాత్ర ఇంకా రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నారు. తిమ్మిర్లు చాలావరకు తగ్గి అయిదు నెలలైంది, మాత్ర మాత్రం ఆగలేదు. మగతకు అదీ ఒక చేయి వేస్తోంది. ఒక్కసారిగా మానకుండా రెండు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపేశాం.

దిగులు సంగతి కూడా చూడాలి. పీహెచ్‌క్యూ-9 అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో 9 పాయింట్లు వచ్చాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం నిద్ర, నీరసం, ఏకాగ్రత అన్న ప్రశ్నల నుంచే వచ్చాయి. ఆసక్తి లేకపోవడం, దిగులుగా ఉండటం అన్న మొదటి రెండు ప్రశ్నలకు ఆయన జవాబు దాదాపు సున్నా. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి చేయాలనే ఉండదు. ఈయనకు చేయాలని ఉంది, ఒళ్ళు రావడం లేదు. ఇక స్కాన్ తేదీ దగ్గరపడినప్పుడు వచ్చే భయమంటారా, అది అందరికీ ఉండేదే, ఈయనకూ ఉంది.

జమాఖర్చుల పుస్తకం

రెండు వారాలపాటు ఏ వ్యాయామమూ చెప్పకుండా, రెండు గంటలకోసారి నీరసం అంకె, ఆ మధ్యలో చేసిన పని రాసుకురమ్మని ఒక ఫారం ఇచ్చాను. ఆయన దాన్ని పక్కన పెట్టి, పొడవాటి ఖాతా పుస్తకంలో ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు అని గీతలు గీసుకుని, ప్రతి పేజీ అడుగున ఆ రోజు మిగిలిన ఓపికను ‘నిల్వ’ అని రాసుకొచ్చారు. ఖర్చు కింద స్నానానికి 2, మెట్లకు 3, అన్నయ్యతో ఫోన్‌లో మాట్లాడటానికి 4 వేశారు. ఫోన్‌లో మాట్లాడటం మెట్లెక్కడం కన్నా ఎక్కువ ఎలా అయిందని అడిగితే, “అన్నయ్యకు నేను బాగున్నట్టు మాట్లాడాలి కదండీ” అన్నారు.

ఆ పుస్తకంలో నాకు రెండు విషయాలు కనిపించాయి. మొదటిది, మధ్యాహ్నం పడుకునే రెండు మూడు గంటల నిద్ర జమ వైపు రాశారే గానీ, పడుకునే ముందు నిల్వ 3 ఉంటే లేచాకా 3 గానే ఉంది. ఆ నిద్ర ఆయనకు ఒక్క పైసా కూడా జమ చేయడం లేదు, పైగా రాత్రి నిద్రలో కోత పెడుతోంది. రెండోది తొమ్మిదో రోజు పేజీ. ఆ ఉదయం లేస్తూనే తేలిగ్గా అనిపించి నిల్వ 6 అని రాసుకున్నారు. ఆ ఉత్సాహంలో నెలల తరబడి పేరుకున్న కాగితాలు సర్దారు, బీరువా కడిగారు, సాయంత్రం చుట్టాలను చూసి వచ్చారు. తర్వాతి మూడు పేజీల అడుగున 1, 1, 2. పక్కన ఎర్రసిరాతో ‘ఓవర్‌డ్రాఫ్ట్’ అని ఆయనే రాసుకున్నారు.

ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఆ నాలుగు పేజీల్లోనే ఉంది. ఈ పేషెంట్లను ఎక్కువగా దెబ్బతీసేది బాగాలేని రోజు కాదు, బాగున్న రోజు. బాగున్న రోజున బాకీలన్నీ తీర్చేయాలని చూస్తారు. ఆ తర్వాత పడకేస్తారు. పడక వల్ల కండ కరుగుతుంది. కండ కరిగాక మునుపటి పనికే ఖర్చు పెరుగుతుంది. ఈయన తొడల్లో మొదట స్టెరాయిడ్ కండను తీసింది, 11 నెలల పడక దాన్ని మళ్ళీ పట్టనివ్వలేదు. “విశ్రాంతి తీసుకోండి” అని చికిత్స ముగిసిన రోజున ఎవరో చెప్పిన మాటను ఆయన కుటుంబమంతా మందుచీటీలా పాటించింది. గ్లాసెడు నీళ్ళ కోసం లేచినా భార్యో, కూతురో పరిగెత్తుకొచ్చేవారు. ఆ ప్రేమను తప్పు పట్టలేం. కానీ విశ్రాంతికి కూడా మోతాదు ఉంటుందని చెప్పేవాళ్ళు ఆ ఇంటికి వెళ్ళలేదు.

చేసిన చికిత్స

నిద్రతో మొదలుపెట్టాం. రాత్రి 9:30కు పడక చేరి ఉదయం 7కు లేస్తున్నారు. అందులో నిజంగా నిద్ర పట్టేది 6 గంటల లోపే. ప్రెడ్నిసొలోన్ రోజుల్లో నిద్ర రాక మంచం మీద దొర్లడం అలవాటైంది, మందు పోయినా అలవాటు పోలేదు. గురక, ఊపిరి ఆగడం వంటి లక్షణాలు లేవని నిర్ధారించుకున్నాక, రాత్రి 11:30 నుంచి ఉదయం 6 వరకే మంచం మీద ఉండాలనీ, నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలనీ, పగటి కునుకు మధ్యాహ్నం 3 లోపు, 30 నిమిషాలకు మించకుండా ఉండాలనీ చెప్పాను. నీరసంగా ఉన్న మనిషిని తక్కువ సేపు పడుకోమంటే ఇంట్లోవాళ్ళు నన్ను అనుమానంగా చూడటం సహజం, చూశారు కూడా. మొదటి వారం కష్టంగానే గడిచింది. మూడో వారానికి మంచం మీద గడిపిన సమయంలో 85 శాతం పైగా నిద్రలోనే గడుస్తుండటంతో, వారానికి 15 నిమిషాల చొప్పున ఆ సమయాన్ని పెంచుతూ పోయాం.

నడక రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 8 నిమిషాలు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. శ్రమ 10కి 3 లేదా 4 దగ్గర ఉండాలి. ఒకే ఒక్క నిబంధన గట్టిగా పెట్టాను: బాగాలేని రోజున 8 నిమిషాలు సగం చేసుకోవచ్చు, బాగున్న రోజున మాత్రం తొమ్మిదో నిమిషం నడవకూడదు. వారానికి 2 నిమిషాలు పెంచాలనుకున్నాం. నడక మర్నాడు ఒళ్ళు కూలబడుతోందా అని ప్రతిసారీ అడిగేవాణ్ణి, ఎందుకంటే శ్రమ చేసిన మర్నాడో, ఆ పైరోజో ఎప్పుడూ కుప్పకూలే పేషెంటయితే వ్యాయామాన్ని ఇలా మెట్లుమెట్లుగా పెంచకూడదు. ఈయనకు ఆ లక్షణం లేదు. కూలిందల్లా మోతాదు మించినప్పుడే.

ఆ మించడంలో నా చేయి కూడా ఉంది. అయిదో వారానికి నడక 14 నిమిషాలకు చేరింది, నిద్ర కుదిరింది, ఆయన ముఖం తేటపడింది. అదే వారంలో నేను కండబలం వ్యాయామాలు మొదలుపెట్టించాను, నడకను ఒకేసారి 20 నిమిషాలకు పెంచాను, సగం రోజు ఉద్యోగానికి సరేనన్నాను. బాగున్న రోజున తొందరపడొద్దని పేషెంట్‌కు చెప్పిన డాక్టరే బాగున్న వారంలో తొందరపడ్డాడు. ఏడో రోజుకు ఆయన మంచం పట్టారు, 10 రోజులు పోయాయి. అంతకన్నా ఎక్కువగా నమ్మకం పోయింది. ఫోన్ చేస్తే ఆయన మాట్లాడలేదు. భార్యే ఫోన్ తీసుకుని, “మీరు చెప్పినట్టే చేశారండీ” అన్నారు. తప్పు నాదేనని ఆమెతోనూ, తర్వాత ఆయనతోనూ చెప్పాను. ఉద్యోగం ఆపి, నడకను 8 నిమిషాలకు దించి, ఒక వారంలో ఒకే మార్పు అన్న నియమంతో మళ్ళీ మొదలుపెట్టాం.

ఎనిమిదో వారంలో టీఎస్‌హెచ్ 3.2కు వచ్చింది. థైరాయిడ్ సరయితే అంతా సరవుతుందని ఆ ఇంట్లో అందరూ ఆశపెట్టుకున్నారు. నీరసం అంకె మాత్రం 7 నుంచి 6కే దిగింది. పరీక్షలో ఒక కారణం దొరకగానే మిగతా వెతుకులాట ఆపేయడం మా వృత్తిలో తరచుగా జరిగే తప్పు. ఈయనకు మాత్ర ఒక్కటే ఇచ్చి పంపేసి ఉంటే మళ్ళీ ‘అయినా’ అన్న చీటీయే వచ్చి ఉండేది.

ఆ నిరాశలోనే ఆయన కూతురు ఉత్తేజం కలిగించే మందు, అంటే మిథైల్‌ఫెనిడేట్, ఇవ్వకూడదా అని అడిగింది. చదువుకుని అడిగిన ప్రశ్న అది. అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2024లో సవరించిన మార్గదర్శకాలు ఆ మందులను నిస్సత్తువకు మామూలుగా వాడమని సిఫారసు చేయడం లేదు. వ్యాయామం, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచననూ అలవాట్లనూ మార్చే మానసిక చికిత్స), మైండ్‌ఫుల్‌నెస్‌లను సిఫారసు చేస్తున్నాయి. 2017లో వచ్చిన ఒక విశ్లేషణ 113 అధ్యయనాలను, 11 వేలకు పైగా పేషెంట్లను కలిపి చూస్తే, వ్యాయామంతోనూ మానసిక చికిత్సతోనూ కలిగిన మేలు మందులతో కలిగిన మేలుకన్నా స్పష్టంగా ఎక్కువని తేలింది. ఆమెకు ఇదే చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను: బాగున్న రోజున హద్దు దాటే మనిషికి ఉత్తేజం ఇచ్చే మాత్ర అప్పుమీద అప్పు ఇప్పించడమే అవుతుంది. అకౌంటెంట్ కూతురికి అది వెంటనే అర్థమైంది.

కండబలం వ్యాయామాలు మా ఫిజియోథెరపిస్ట్ చేతిలో వారానికి రెండు రోజులు నడిచాయి: కుర్చీలోంచి లేవడం 6 చొప్పున రెండు విడతలు, గోడకు చేతులానించి తోయడం, రబ్బరు బ్యాండు లాగడం, గట్టు పట్టుకుని మడమలెత్తడం. అరికాళ్ళలో మిగిలిన మొద్దుబారడం వల్ల మడమలెత్తేటప్పుడు పట్టు వదలనివ్వలేదు. ఇంట్లో పనుల పంపకం మారింది. తన నీళ్ళు, తన బట్టలు తనవే అయ్యాయి, బరువులెత్తడం మాత్రం పిల్లలది. అన్నయ్యకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. ఆ తర్వాత ఆ ఫోన్ ఖర్చు 4 నుంచి 1కి దిగింది. పదో వారం పుస్తకంలో ఆయన ఉదయపు నడకను ఖర్చు వైపు కొట్టివేసి జమ వైపు రాసుకున్నారు. నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. పేజీ తిప్పుతుంటే కనిపించింది.

ఫలితం

మళ్ళీ మొదలుపెట్టినప్పటి నుంచి 12 వారాలకు నడక ఒకేసారి 30 నిమిషాలకు, వారానికి అయిదు రోజులకు చేరింది. నీరసం అంకె 4, ఫాసిట్ 31. ఈ ప్రశ్నావళిలో 3, 4 పాయింట్ల మార్పునే పేషెంట్‌కు తెలిసే మార్పుగా లెక్కిస్తారు. ఆరు నిమిషాల నడక 448 మీటర్లు, 30 సెకన్లలో లేవడం 13 సార్లు, చేతి పట్టు 29 కిలోలు. థైరాయిడ్, ప్రెగాబాలిన్, నిద్ర, వ్యాయామం, ఇంటి పద్ధతి అన్నీ కలిసి మారిన కేసు ఇది కాబట్టి ఈ ఫలితాన్ని ఏ ఒక్కదాని ఖాతాలోనూ వేయకూడదు.

ఉద్యోగంలో మొదట రోజుకు మూడు గంటలు, ఉదయం పూటే చేరారు. ఏకాగ్రత కావలసిన లెక్కలు 10 నుంచి 12 మధ్య, 40 నిమిషాలకోసారి 10 నిమిషాల విరామంతో. ఉత్తరాలు, సంతకాలు ఆ తర్వాత. అయిదో నెలలో వైరల్ జ్వరం వచ్చి వారం రోజులు పడుకున్నారు, కానీ ఈసారి ఎవరూ కంగారుపడలేదు: లేచాక మునుపటి మోతాదులో సగంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పాత స్థాయికి తామే వచ్చారు.

ఆఖరిసారి చూసినప్పుడు నీరసం అంకె 3, ఫాసిట్ 37, పని రోజుకు 6 గంటలు. సాయంత్రం 5 దాటితే అంకెలు ఇప్పటికీ మసకబారుతున్నాయంటారు. టీఎస్‌హెచ్ ఆరు నెలలకోసారి, ఎకో ఏడాదికోసారి రాసి ఇచ్చాను. సంవత్సరాంతపు ఖాతాలు ముగించే నెల దగ్గరపడుతోందనీ, ఆ ఒక్క నెలా పూర్తి సమయం పనిచేసి తర్వాత మళ్ళీ తగ్గించుకుంటాననీ అడిగారు. నేను ఒప్పుకోలేదు, ఆయనా వెనక్కి తగ్గలేదు. చివరికి వారానికి రెండు రోజులు మాత్రమే 8 గంటలు, వాటి మధ్య కనీసం ఒక రోజు ఎడం, నిల్వ వరుసగా రెండు రోజులు 3 కన్నా తగ్గితే వెంటనే పాత లెక్కకు రావడం అన్న షరతు మీద రాజీపడ్డాం. ఆ షరతును పుస్తకం అట్ట లోపలి వైపు రాసి, కింద నాచేత సంతకం కూడా పెట్టించుకున్నారు.